సూది గుచ్చుకుంటే దాచకు

చిట్టీ,

కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో నీకు సీటొచ్చిందని మీ నాన్న ఫోన్లో అరిచిన అరుపుకి నా చెవులు గింగుర్లెత్తాయి. మన ఇంట్లో మొదటి డాక్టరువి. సంతోషం పట్టలేకపోతున్నాను. కానీ ఉద్యోగమంతా సర్కారు ఆసుపత్రుల్లో నర్సుగా చేసినదాన్ని, పడుకుంటే వేరే సంగతులు గుర్తొస్తున్నాయి.

చదువు గురించి సీనియర్లు చెప్తారు. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. పాసవడానికి నాలుగు అవకాశాలే ఇస్తారు, జాగ్రత్త. శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్‌కి కళ్లు మండుతాయి, అలవాటవుతుంది. తర్వాత పాథాలజీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ, దాంతోపాటు వార్డు పోస్టింగులు. పేషెంటు పొట్ట మీద చెయ్యి పెట్టేముందు పేరు అడుగు. బెడ్ నంబరుతో పిలిచావని తెలిస్తే ఊరుకోను.

నాలుగున్నరేళ్లయ్యాక ఏడాది హౌస్ సర్జన్సీ, అంటే ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూ పని నేర్చుకోవడం. నా భయమంతా అక్కడే.

మా క్యాజువాలిటీలో ఒక హౌస్ సర్జన్ ఉండేవాడు. చురుకైన పిల్లాడు. ఒక రాత్రి యాక్సిడెంట్ కేసుకి రక్తం తీసి, సూదికి తిరిగి మూత పెట్టబోయి వేలికి గుచ్చుకున్నాడు. పెద్ద డాక్టరు తిడతాడని ఎవరికీ చెప్పలేదు. దూదితో తుడుచుకుని డ్యూటీ కానిచ్చాడు. నాలుగో రోజు నా దగ్గరికొచ్చి, "సిస్టర్, ఆ పేషెంటు ఏ వార్డులో ఉన్నాడు?" అన్నాడు. అతను అప్పటికే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. కేస్ షీట్లో ఊరి పేరు తప్ప ఏమీ లేదు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లోపే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. వీడు దాటేశాడు. ఇక ఒక టెస్టు నుంచి ఇంకో టెస్టు దాకా నెలల తరబడి టెన్షనే. ఇంట్లో పెళ్లి సంబంధం చూస్తే వద్దన్నాడు, ఎందుకో చెప్పలేదు. చివరికి ఏమీ లేదని తేలింది. ఆ రిపోర్టు నా బల్ల మీద పెట్టి ఏడ్చాడు. ముందు తిట్టాను, తర్వాత టీ తెప్పించి తాగించాను.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకు. గుచ్చుకుంటే వేలు పిండకు, నోట్లో పెట్టుకోకు, సబ్బుతో కడుగు. అర్ధరాత్రయినా సరే డ్యూటీ డాక్టరుకి చెప్పు, పేషెంటు రక్తం కూడా టెస్టుకి పంపించమను. తిడితే తిట్టనీ.

హెపటైటిస్ బి కూడా ఇలా సూదితో అంటుకునే లివర్ జబ్బే. దాని టీకా మాత్రం వార్డుల దాకా ఆగకు, ఇప్పుడే మొదలుపెట్టు. మొదటిది వేశాక నెలకి రెండోది, ఆరో నెలకి మూడోది. ఆ మూడోదే అందరూ మర్చిపోతారు. వేయించుకున్నాక కార్డు ఫోటో నాకే పంపు. మీ నాన్నకి వద్దు, వాడికి సూది పేరెత్తితేనే కళ్లు తిరుగుతాయి.

మీ అత్త