'పర్ఫెక్ట్ డేస్' చూసి కొందరు ఏడుస్తారు, కొందరు ఆవలిస్తారు. ఎందుకు?

అడిగినాయన ప్రశ్న ఇది: "రెండు గంటల సినిమాలో ఏమీ జరగలేదు. మా ఫ్రెండేమో కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాడు. మీరు టోక్యోలో ఉంటారు కదా, అక్కడివాళ్ళకైనా నిజంగా నచ్చిందా, లేక అవార్డు వచ్చిందని అందరూ తలలూపుతున్నారా?"

కథ మొత్తం చెప్పేస్తున్నాను. చూడనివాళ్ళు చూసొచ్చి చదవండి.

నాకు తోచింది సూటిగా చెప్తాను. మనవాళ్ళకి ఈ సినిమా నిదానంగా ఉందని విసుగు రావట్లేదు, ఫ్లాష్‌బ్యాక్ లేదని వస్తోంది. ఎవరూ ఆ మాట అనరు. "స్లో" అంటారు, "సాగదీశాడు" అంటారు. కానీ పక్కన కూర్చుని వాళ్ళ మొహాలు చూస్తే ఎక్కడ విసుగు మొదలైందో తెలిసిపోతుంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2023లో వచ్చింది, 124 నిమిషాలు. తీసింది జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్, నటించింది కోజి యాకుషో. ఆయనకి ఆ ఏడాది కాన్స్‌లో ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చారు. హిరయామా అనే పెద్దాయన టోక్యో షిబుయాలో పబ్లిక్ టాయిలెట్లు కడుగుతాడు. పొద్దున లేస్తాడు, మొక్కలకి నీళ్ళు చిలకరిస్తాడు, ఇంటి ముందున్న మెషీన్‌లో డబ్బా కాఫీ కొనుక్కుంటాడు, వ్యాన్‌లో పాత ఇంగ్లీషు పాటల క్యాసెట్ పెట్టుకుని పనికి పోతాడు. మధ్యాహ్నం చెట్ల కింద శాండ్‌విచ్ తింటూ ఆకుల్ని ఫొటో తీస్తాడు. సాయంత్రం స్నానశాల, భోజనం, పడుకునే ముందు పుస్తకం. మర్నాడు మళ్ళీ ఇదే.

నేను దీన్ని ముందు ఇక్కడి థియేటర్‌లో చూశాను, తర్వాత నిషికసాయిలో మా ఇంట్లో మనవాళ్ళతో కలిసి చూశాను. నిషికసాయి తెలుసు కదా, ఎడొగావా వార్డులో ఐటీ ఉద్యోగాల మీద వచ్చిన భారతీయ కుటుంబాలు ఎక్కువగా ఉండే చోటు. ఆ రోజు మా అమ్మ, హైదరాబాద్ నుంచి వచ్చిన అక్కాబావలు, పక్క బిల్డింగ్ స్నేహితుడు, ఆయన భార్య ఉన్నారు. స్నాక్స్ ఉన్నాయి, టీవీ పెద్దది, ఎవరికీ తొందర లేదు. సినిమాకి ఇంతకంటే మంచి పరిస్థితి ఇవ్వలేం.

మొదటి అరగంట ఎవరూ గొడవ చేయలేదు. "నీట్‌గా పెట్టుకున్నాడు ఇల్లు" అంది అక్క. హిరయామా చిన్న అద్దం పట్టుకుని కమోడ్ అంచు కింద మురికి ఉందేమో వంగి చూసే షాట్ ఒకటుంది. ఆయనతో పనిచేసే కుర్రాడికి అదంతా చాదస్తంలా కనిపిస్తుంది, ఎలాగూ మళ్ళీ పాడవుతుంది కదా అంటాడు. మా బావ ఆ కుర్రాడివైపే. అయినా నవ్వుతూ చూస్తున్నాడు. మరి గొడవ ఎక్కడ మొదలైందంటే, ఇంట్లోంచి చెప్పకుండా వచ్చేసిన మేనకోడలు హిరయామా గుమ్మంలో కనిపించినప్పుడు. "ఓహో, ఇప్పుడు కథ మొదలు" అన్నాడు బావ. దిండు సర్దుకుని కూర్చున్నాడు.

ఆ పిల్ల కోసం హిరయామా చెల్లెలు డ్రైవర్ ఉన్న పెద్ద కారులో వస్తుంది. అంటే ఈయనది కలిగిన కుటుంబం. నాన్న ఆరోగ్యం బాలేదని, ఒకసారి వచ్చి చూడమని అంటుంది. నిజంగానే టాయిలెట్లు కడుగుతున్నావా అని అడుగుతుంది. ఈయన అవునని తలూపుతాడు, ఆమెని దగ్గరికి తీసుకుంటాడు. కారు వెళ్ళిపోయాక నిలబడి ఏడుస్తాడు. గదిలో అందరూ ముందుకు వంగారు. నాన్న కొట్టాడా? ఆస్తి గొడవా? ప్రేమ వ్యవహారమా? పదేళ్ళ క్రితం ఏం జరిగింది?

మర్నాడు తెల్లారింది. హిరయామా లేచి మొక్కలకి నీళ్ళు పోశాడు.

"ఏరా, ఇంతకీ ఎందుకొచ్చాడో చెప్పడా?" అన్నాడు బావ. చెప్పడు బావా అన్నాను. "మరి ఇందాక ఎందుకు ఏడిపించాడు?" అని ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ తలెత్తలేదు.

నేను బావని తప్పుపట్టను. చిన్నప్పటి నుంచీ మన సినిమా మనకి ఒక మాట ఇస్తూ వచ్చింది. హీరో మౌనంగా ఉన్నాడంటే, గడ్డం పెంచాడంటే, తాహతుకి తగని పని చేస్తున్నాడంటే ఇంటర్వెల్ తర్వాత ఎందుకో చెప్తారు. పాలవాడో, ఆటోవాడో, ఎవడైతేనేం, అసలు వాడెవరో విలన్‌కి తెలిసే సీన్ కోసమే టికెట్ కొంటాం. 'పర్ఫెక్ట్ డేస్' ఆ తలుపు దాకా తీసుకెళ్ళి, కారు చూపించి, చెల్లెల్ని చూపించి తలుపు వేసేస్తుంది. కోపం రావడం సహజం. అసలు విసుగు నిదానం వల్లే అయితే బావ ఆ సీన్ దాకా కూడా వచ్చేవాడు కాదు. గమనించి చూడండి, షాట్లు పెద్ద పొడుగేం కాదు. మొదటి రోజు పొద్దున అంతా వివరంగా చూపిస్తాడు, తర్వాతి రోజుల్లో అదే పొద్దున ముక్కలు ముక్కలుగా వెళ్ళిపోతుంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టుకోవడం సరదా అనిపించేవాళ్ళకి రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి.

అలా గడిచింది మా అమ్మకి. ఆవిడకి ఇంగ్లీషు రాదు కాబట్టి సబ్‌టైటిల్స్ చదవలేదు, జపనీస్ సంగతి సరేసరి. హీరో మాట్లాడేదే తక్కువ, కాబట్టి పోయిందేమీ లేదు. హిరయామాకి అలారం ఉండదు. చీకటుండగానే ఎవరో ముసలావిడ వీధి ఊడుస్తుంది, ఆ చీపురు చప్పుడుకి కళ్ళు తెరుస్తాడు. తెర మీద ఇంకా ఆవిడ కనిపించకముందే అమ్మ "వాకిలి ఊడుస్తున్నారు" అంది. మేమెవరం పట్టించుకోలేదా శబ్దాన్ని. తర్వాత ప్రతి పొద్దునా ఆ చప్పుడు కోసం చూసింది. "పెళ్ళి చేసుకోలేదా పాపం" అని ఒక్కసారి అడిగి వదిలేసింది. జవాబు కోసం సినిమాని ఆపమనలేదు.

ఇక జపాన్‌వాళ్ళ సంగతి. ఇక్కడ హాల్లో కూర్చుంటే ఎవరికి నచ్చిందో, ఎవరికి నచ్చలేదో మీకు తెలియదు. ఈలలు లేవు, ఫోన్ వెలుగు లేదు. చివర పేర్లు పడుతున్నంతసేపూ ఎవరూ లేవరు, లైట్లు కూడా వెయ్యరు. దీనికైతే అది మంచిదే అయింది, ఎందుకంటే పేర్లన్నీ అయిపోయాక తెర మీద ఒక చిన్న ముక్క వస్తుంది, ఆకుల మధ్య కదిలే వెలుగునీడల గురించి. కాబట్టి ఆ నిశ్శబ్దం చూసి "జపాన్‌లో అందరూ లీనమైపోయారు" అని రాసేవాళ్ళని నమ్మకండి. బోర్ కొట్టినా అలాగే కూర్చుంటారు.

అదే మాటల్లోకి దింపితే వేరేగా ఉంటుంది. ఆఫీసులో భోజనం దగ్గర ఒక సహోద్యోగి ఈ సినిమా మీద విరుచుకుపడ్డాడు. ఆయన అభ్యంతరం వేగం మీద కాదు. సినిమాలో కనిపించేవి మామూలు టాయిలెట్లు కావు. 'ది టోక్యో టాయిలెట్' అని నిప్పాన్ ఫౌండేషన్ అనే సేవాసంస్థ చేపట్టిన ప్రాజెక్టు ఉంది, షిబుయా వార్డులో 17 చోట్ల కట్టారు. తడావో ఆందో, కెంగో కుమా, షిగెరు బాన్ లాంటి పేరున్న వాస్తుశిల్పులు గీశారు. షిగెరు బాన్‌ది రంగుటద్దాల గది, బయటి నుంచి లోపల అంతా కనిపిస్తుంది, గడియ వేస్తే అద్దం మసకబారుతుంది. సినిమాలో ఒక విదేశీ మహిళ అర్థంకాక నిలబడితే హిరయామా చేసి చూపిస్తాడు. ఆ ప్రాజెక్టుని మొదలుపెట్టించిన కోజి యనాయ్‌యే ఈ సినిమాకి నిర్మాత. మొదట వెండర్స్‌ని పిలిచింది కూడా ఆ టాయిలెట్ల మీద ఏదైనా తీయమనే. "మురికే కనిపించని టాయిలెట్లు కడిగే మనిషి గురించి, డబ్బున్నవాళ్ళు, విదేశీ దర్శకుడితో తీయించుకున్న సినిమా" అన్నాడాయన. అదే టేబుల్ దగ్గర రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డ ఇంకో ఆవిడ, తనకి ఇలాంటి జీవితమే కావాలని, క్యాసెట్లు ఇంకా దాచుకున్నానని అంది. ఇద్దరూ ఒకే సినిమా చూశారు. జపానే దీన్ని ఆస్కార్‌కి తమ తరఫున పంపింది, జపనీస్ కాని దర్శకుడి సినిమాని అలా పంపడం అదే మొదటిసారి. నామినేషన్ కూడా వచ్చింది.

ఆ సహోద్యోగి విమర్శలో నిజం ఉందనే నేనూ అనుకుంటాను. జీతం ఎంతో, ఒంట్లో బాగాలేకపోతే ఏం చేస్తాడో సినిమా దాటేసింది. కుర్రాడు ఉన్నట్టుండి మానేసిన రోజు రాత్రిదాకా రెండు షిఫ్టులు చేసి, ఫోన్‌లో కోప్పడతాడు. ఆ ఒక్క చోటే ఉద్యోగం ఉద్యోగంలా కనిపించింది.

మనవాళ్ళ స్పందనలో ఇంకో సంగతి ఉంది, దాని గురించి సమీక్షల్లో పెద్దగా చదవలేదు. తప్పిపోయిన చిన్న పిల్లాడు టాయిలెట్‌లో ఏడుస్తుంటే హిరయామా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొస్తాడు. తల్లి పరుగున వస్తుంది. ఈయనకి ఒక్క మాట చెప్పదు. బ్యాగ్‌లోంచి తడి టిష్యూ తీసి, ఈయన పట్టుకున్న ఆ పిల్లాడి చేతిని తుడుస్తుంది. పిల్లాడు వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతాడు, ఈయన నవ్వుతాడు. అంతే సీను. మా ఇంట్లో అంతసేపూ జోకులు పడుతున్న గది ఒక్కసారి చల్లబడిపోయింది. కాసేపటికి మా స్నేహితుడి భార్య "మన దగ్గరైతే టిష్యూతో ఆగేది కాదు" అంది. వాళ్ళ పెద్దనాన్నగారు మునిసిపాలిటీలో పారిశుధ్య కార్మికుడిగా చేశారు. గ్లౌజులు, బ్రష్షులు, సొంత వ్యాన్, వీపు మీద ప్రాజెక్టు పేరున్న యూనిఫాం, ఇవి చూసి ఆమెకి ఈర్ష్య, కోపం రెండూ వచ్చాయట. పాకీపనిని నిషేధిస్తూ మనకి 1993లో ఒక చట్టం, 2013లో ఇంకోటి వచ్చాయి. ఆ పనికి వ్యతిరేకంగా ఉద్యమం నడిపిన బెజవాడ విల్సన్‌కి 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. ఇప్పటికీ మ్యాన్‌హోల్ చావుల వార్త లేకుండా ఏడాది గడవదు. ఆ నేపథ్యంలోంచి వచ్చినవాళ్ళకి "కడగడంలో ఆనందం వెతుక్కున్న మనిషి" అనే కథ తేలిగ్గా దిగదు. దిగాలని కోరడం కూడా అన్యాయం.

మర్నాడు ఆ సీను గురించి అడిగితే, అది ఆ తల్లికున్న పరిశుభ్రత అలవాటే అనుకున్నానని నా సహోద్యోగి అన్నాడు. ఇక్కడ బడిలో పిల్లలే తరగతి గదుల్ని ఊడ్చుకుంటారు, తుడుచుకుంటారు, చాలా చోట్ల టాయిలెట్లతో సహా. చీపురు పట్టుకోవడం ఒక కులానికి రాసిపెట్టిన పని కాదు. అలాగని వివక్ష తెలియని దేశమూ కాదు. తోళ్ళ పని, కబేళా పని చేసిన బురాకుమిన్‌లకి 1871లోనే సమాన హోదా ప్రకటించినా, పెళ్ళిళ్ళ దగ్గర, ఉద్యోగాల దగ్గర ఆ వెలి చాలాకాలం సాగింది. ఆ మాట ఎత్తితే ఆయన టిఫిన్ డబ్బా మూత పెట్టేసి, వెండర్స్‌కి అది తెలిసి ఉండదులే అన్నాడు.

చివరి షాట్ గురించి కూడా చెప్పాలి: వ్యాన్ నడుపుతున్న యాకుషో మొహం, నీనా సిమోన్ పాట, ఎదురుగా పొద్దు పొడుస్తుంటుంది. నవ్వు వస్తూ ఉంటుంది, కళ్ళల్లో నీళ్ళు కూడా. చాలాసేపు కెమెరా అక్కడే ఉంటుంది. మీ ఫ్రెండ్ ఏడ్చింది అక్కడే అయి ఉంటుంది. ఆ మొహంలో ఏది పశ్చాత్తాపమో ఏది సంతోషమో సినిమా తేల్చదు. చూసేవాళ్ళు తమ సొంత ఫ్లాష్‌బ్యాక్ పెట్టుకుంటారు. పెట్టుకోవడానికి ఏదైనా ఉన్నవాళ్ళకి ఏడుపొస్తుంది, కథ తనే చెప్పాలని కూర్చున్నవాళ్ళకి రాదు. మీరు రెండో రకం అయితే మీలో రసజ్ఞత లోపించిందని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

మళ్ళీ చూడాలనుకుంటే రాత్రి భోజనం అయ్యాక మాత్రం పెట్టకండి. ఆదివారం పొద్దున్నే, ఫోన్ ఇంకో గదిలో పెట్టి చూడండి. ఇంట్లో సబ్‌టైటిల్స్ చదవలేని పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళని కూడా కూర్చోబెట్టండి, అర్థం కాదేమోనని మొహమాటపడొద్దు. మా బావలాంటి వాళ్ళని పిలిచేటప్పుడు మాత్రం ముందే చెప్పేయండి, ఆయన ఇల్లు వదిలి ఎందుకొచ్చాడో చివరిదాకా చెప్పరని.