బీపీ మాత్రతో పాటు నొప్పి మాత్ర వేసుకుని కొండల్లో సైకిలా? ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూపించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 57 ఏళ్లు. పదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా, టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి వేసుకుంటున్నాను. రెండూ కంట్రోల్‌లోనే ఉన్నాయి. మా అబ్బాయి ఫ్రాన్స్‌లో, తులూజ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్‌లో ఇద్దరం కలిసి లె ప్యుయి నుంచి లోజేర్ కొండల మీదుగా ఫ్లొరాక్, అక్కడి నుంచి ఆలెస్ వరకు వారం రోజులు సైకిళ్ల మీద వెళ్లాలనుకుంటున్నాం. ప్రాక్టీస్ కోసం ఔటర్ రింగ్ రోడ్డు సైకిల్ ట్రాక్ మీద, అప్పుడప్పుడు అనంతగిరి ఘాట్‌లో తొక్కుతున్నాను. గంట దాటితే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. ఎలాంటి గ్లౌజులు వాడాలి? అంత ఎత్తులో ఊపిరికి ఇబ్బంది వస్తుందా? మోకాళ్ల నొప్పికి బయల్దేరే ముందు ఒక ఎసిక్లోఫెనాక్ వేసుకుంటే హాయిగా ఉంటోంది. అక్కడికి రెండు స్ట్రిప్పులు తీసుకెళ్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సలహా: గ్లౌజుల సంగతి తర్వాత చెబుతాను. మీరు చివర్లో మామూలు విషయంలా రాసిన ఎసిక్లోఫెనాక్ గురించే నా భయమంతా.

ఆ మాత్ర ఎవరు రాసిచ్చారో మీరు చెప్పలేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నదే అనుకుంటున్నాను. ఎప్పుడో నడుము పట్టేసినప్పుడు రాసిచ్చిన చీటీ పట్టుకుని ఏళ్ల తరబడి అదే మాత్ర కొనుక్కునేవాళ్లు ఓపీకి వస్తూనే ఉంటారు. నొప్పి తగ్గుతోంది కాబట్టి మంచిదే అనుకుంటారు. మీరు వాడే బీపీ మాత్ర పక్కన ఇది మంచిది కాదు.

కిడ్నీలో రక్తాన్ని వడపోసే జల్లెడకి రక్తం తెచ్చే నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి ఉంటాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ తెచ్చే నాళాన్ని వెడల్పుగా ఉంచుకుని, తీసుకుపోయే నాళాన్ని బిగించుకుని వడపోతకి కావలసిన ప్రెషర్ నిలబెట్టుకుంటుంది. నొప్పి మాత్ర మొదటి నాళాన్ని వెడల్పు కానివ్వదు. టెల్మిసార్టాన్ రెండోదాన్ని బిగుసుకోనివ్వదు. హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ద్వారా ఉప్పునీ నీటినీ బయటికి పంపేస్తుంది. ఈ మూడింటికీ ఐదారు గంటల చెమట తోడైతే వడపోత ఒక్కసారిగా పడిపోవచ్చు. అందరికీ ఇలా అవుతుందని చెప్పడం లేదు. పదేళ్ల షుగర్ ఉన్న మనిషికి ఆ రిస్క్ ఎక్కువ. పైగా దీంట్లో నొప్పి ఉండదు. మూత్రం తగ్గి ముదురు రంగులోకి మారడం, వికారం, విపరీతమైన నీరసం, కాళ్ల వాపు లాంటివి ఉండొచ్చు. ఆ నీరసాన్ని సైకిల్ తొక్కిన అలసట అనుకుని ఇంకో నొప్పి మాత్ర వేసుకుంటారు.

ఇది చదివి టెల్మిసార్టాన్ మానేయకండి. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీకి అది మేలు చేసే మందు. మానాల్సింది నొప్పి మాత్ర. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్, ఎటోరికాక్సిబ్ ఏదైనా ఇదే జాతి. పేరు మారిస్తే ప్రమాదం మారదు. మరీ అవసరమైతే పారాసిటమాల్ వాడొచ్చు. మీ లివర్ పరిస్థితి తెలిసిన డాక్టర్ చెప్పిన మోతాదు దాటకూడదు. పూత మందుల నుంచి ఒంట్లోకి వెళ్లేది తక్కువే, అయినా అడిగి వాడండి.

ఫ్రాన్స్‌లో 2020 జనవరి నుంచి ఇబుప్రొఫెన్, పారాసిటమాల్, ఆస్పిరిన్‌లను కౌంటర్ వెనక్కి మార్చారు. చీటీ అక్కర్లేదు కానీ ఫార్మసిస్ట్‌ని అడిగి తీసుకోవాలి. అడిగినప్పుడు మీ బీపీ మాత్ర పేరు కూడా చెప్పండి. మీ సంచీలో రెండు స్ట్రిప్పులుంటే ఆ అడిగే అవకాశమే పోతుంది. అందుకే తీసుకెళ్లొద్దంటున్నాను.

నీళ్ల విషయంలో అక్కడ మోసపోయే అవకాశం ఉంది. హైదరాబాద్‌లో చెమట కారి చొక్కా తడుస్తుంది, నీళ్లు తాగాలని గుర్తొస్తుంది. ఆ కొండల మీద గాలి పొడిగా వీస్తుంటే చెమట పట్టినట్టే తెలియదు. సాయంత్రం చొక్కా విప్పి చూడండి, వీపు మీదా హెల్మెట్ పట్టీల మీదా ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉంటుంది. అలాగని లీటర్ల కొద్దీ వట్టి నీళ్లు తాగేయడం కూడా తప్పే. మీ బీపీ మాత్రలో ఉన్న థయజైడ్ (హైడ్రోక్లోరోథయజైడ్) వాడేవాళ్లకి రక్తంలో సోడియం పడిపోవచ్చు. తలనొప్పి, వాంతులు, తికమక కనిపిస్తే అనుమానించాలి. దాహాన్ని బట్టి కొంచెం కొంచెంగా తాగండి, తిండిలో ఉప్పు ఉండనివ్వండి. ఎండ ఎక్కువున్న రోజు ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ని దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. ఊళ్లలో ఫౌంటెన్ దగ్గర 'ఓ నాన్ పొతాబ్ల్' అని బోర్డు ఉంటే ఆ నీళ్లు తాగకండి. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఆ రోజు సైకిల్ ఎక్కొద్దు. అలాంటి రోజుల్లో బీపీ మాత్ర, మెట్‌ఫార్మిన్ ఆపాలా వద్దా అన్నది బయల్దేరే ముందే మీ డాక్టర్‌తో రాయించుకోండి.

గ్లిమెపిరైడ్ మీద కూడా నాకు అనుమానం ఉంది. తిన్నా తినకపోయినా అది షుగర్ తగ్గిస్తూనే ఉంటుంది. లోజేర్ ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో అతి తక్కువ జనం ఉన్న జిల్లా. ఊరికీ ఊరికీ మధ్య కొండ ఉంటుంది. చిన్న ఊళ్లలో మధ్యాహ్నం షాపులు మూసేస్తారు, చాలాచోట్ల ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా తెరవరు. రెండు దాటాక హోటల్‌లో భోజనం దొరకడం కష్టం. 'పై ఊళ్లో తిందాం' అనుకుని ఎక్కితే ఆ ఊళ్లో తలుపులన్నీ మూసి ఉండొచ్చు. చేతులు వణకడం, చెమట, చూపు మసకబారడం లాంటివి వస్తే వెంటనే ఆగి గ్లూకోజ్ పొడి కానీ చక్కెర కానీ తీసుకోండి. చాక్లెట్ వద్దు, దాంట్లోని కొవ్వు వల్ల షుగర్ ఆలస్యంగా ఎక్కుతుంది. ఆ తర్వాత బ్రెడ్ లాంటిది ఏదైనా తినండి. ఆ పొడి జేబులో ఉండాలి, వెనక బ్యాగు అడుగున కాదు. ఎక్కువ తొక్కిన రోజు నిద్రలో కూడా షుగర్ పడిపోవచ్చు, కాబట్టి పడుకునే ముందు గ్లూకోమీటర్‌తో ఒకసారి చూసుకోండి. ఈ లక్షణాలు మీ అబ్బాయికీ తెలిసుండాలి. మోతాదు తగ్గించాలేమో మీ షుగర్ డాక్టర్‌ని అడగండి, మీరే సగం విరిచి వేసుకోకండి.

ఎత్తు గురించి టెన్షన్ అక్కర్లేదు. మీ దారిలో ఎత్తైన ఫినియెల్ కనుమ 1,500 మీటర్లు కొంచెం దాటుతుంది, ఊటీ అంతకంటే చాలా ఎత్తులో ఉంది. ఎత్తు వల్ల జబ్బు చేయడం సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే. ఆయాసం వస్తే ఎక్కుడు వల్ల, లేదా గుండె వల్ల. అనంతగిరి ఎక్కేటప్పుడు ఛాతీలో బరువు, దవడ కానీ చెయ్యి కానీ లాగడం, ఆగితే తగ్గిపోవడం లాంటివి ఉన్నాయా? మీరు రాయలేదు కాబట్టి అడుగుతున్నాను. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి లేకుండా ఉత్త ఆయాసమే ఉండొచ్చు. గ్యాస్ అనుకుని నెలల తరబడి లాగించకండి. ఏ లక్షణమూ లేకపోయినా ఒకసారి కార్డియాలజిస్ట్‌ని కలిసి ఈసీజీ, అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్నాకే టికెట్ కొనండి.

ఇక వేళ్లు. చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతున్నాయంటే అరచేతి అంచున వెళ్లే అల్నార్ నరం హ్యాండిల్ మీద నలుగుతోందని అర్థం. మెత్తటి జెల్ ఉన్న గ్లౌజులు కొంత సాయం చేస్తాయి. అంతకంటే ముఖ్యం చేతుల మీద పడే బరువు తగ్గించడం. సీటు ముందుకి వాలి ఉంటే సమం చేయించండి, హ్యాండిల్ కాస్త పైకి లేపించండి, కొన్ని నిమిషాలకోసారి పట్టు మార్చండి. దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు పట్టుకుని ఉండటం వల్ల కూడా ఇది పెరుగుతుంది. దిగాక కూడా తిమ్మిరి పోకపోయినా, చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నా నరాల డాక్టర్‌కి చూపించండి. పాదాల్లో కూడా తిమ్మిరి ఉంటే అది సైకిల్ వల్ల కాకపోవచ్చు. షుగర్ వల్ల కావచ్చు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడటం వల్ల బీ12 తగ్గి కావచ్చు. నరాల బలానికంటూ షాపులో మాత్రలు కొనకుండా ముందు బీ12 చూపించుకోండి.

మోకాలి ముందు భాగంలో నొప్పి అయితే చాలాసార్లు సీటు కిందికి ఉండటం, బరువైన గేరులో బలంగా తొక్కడం కారణం. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెడితే, పెడల్ అడుగున ఉన్నప్పుడు కాలు నిటారుగా రావాలి. కొండల కోసం తేలికైన గేర్లు వేయించుకోండి. వాపు ఉన్నా, మోకాలు పట్టేస్తున్నా ఎముకల డాక్టర్ చూడాలి.

ఒక చిన్న విషయం. జూన్‌లో అక్కడి గడ్డిలో పిడుదులు ఉంటాయి. స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, గజ్జల్లో చూసుకోండి. అంటుకుని ఉంటే నూనె, కిరోసిన్ పూయకుండా పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగండి. నెల రోజుల్లోపు ఆ చోట ఎర్రటి వలయం పెరుగుతూ కనిపిస్తే అది లైమ్ వ్యాధి కావచ్చు. అప్పటికి మీరు హైదరాబాద్‌లో ఉంటారు. తామర అనుకుని స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్ రాయకండి. ఫ్రాన్స్ వెళ్లొచ్చానని డాక్టర్‌కి చెప్పండి.

ఈ వారంలోనే క్రియాటినిన్, సోడియం, పొటాషియం, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), బీ12, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించండి. నేను మిమ్మల్ని చూడలేదు, మీరు రాసిన నాలుగు మాటలను బట్టి చెబుతున్నాను. రిపోర్టులు చూసి మందులు మార్చాల్సింది మీ డాక్టరే. ఎసిక్లోఫెనాక్ ఇన్నాళ్లుగా వాడుతున్నట్టు ఆయనకి చెప్పండి, దాచకండి.

అక్కడ అత్యవసరమైతే 15 కానీ 112 కానీ డయల్ చేయండి. లె ప్యుయి, మాండ్, ఆలెస్ పట్టణాల్లో ఆస్పత్రులున్నాయి. లోయల్లో సిగ్నల్ ఉండకపోవచ్చు, రాత్రి ఎక్కడ దిగుతారో ఇంట్లో చెప్పి ఉంచండి. మందుల అసలు పేర్లతో చీటీ ఇంగ్లిష్‌లో రాయించుకోండి. షెంజెన్ వీసాకి కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ అడుగుతారు. ఆ ఫారంలో షుగర్, బీపీ ఉన్నట్టు తప్పకుండా రాయండి, పాత జబ్బులకి కవర్ ఉందో లేదో చదివాకే సంతకం పెట్టండి.