వియ్యంకుల బల్ల దగ్గర మొదలైన కథ: హోగార్త్ పెళ్లి చిత్రాలు

ప్రశ్న: పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్ చిత్రకారుడు విలియం హోగార్త్ గీసిన ‘మ్యారేజ్ ఆ-లా-మోడ్’ ఆరు చిత్రాలను ఇటీవల ఒక పుస్తకంలో చూశాను. భర్త చెడుతిరుగుళ్లు తిరుగుతాడు, భార్య లాయరుతో సంబంధం పెట్టుకుంటుంది, చివరికి హత్య, ఉరి, ఆత్మహత్య. ఇది పెద్దింటి వ్యభిచార కథే తప్ప ఇందులో వ్యంగ్యం ఎక్కడుంది? పైగా మొదటి రంగుల చిత్రంలో కుడివైపున్న ప్రభువు, నలుపు తెలుపు ముద్రణలో ఎడమవైపు కనిపిస్తున్నాడు. ఎందుకు?
— ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: మీరు చెప్పిన వ్యభిచారం, హత్య అన్నీ మొదటి చిత్రం తర్వాతి సంగతులు. హోగార్త్ అసలు నేరాన్ని మొదటి చిత్రంలోనే, ఇంకా ఎవరూ దారి తప్పకముందే, ఇద్దరు వియ్యంకులు కూర్చున్న బల్ల దగ్గర చూపించాడు. దయచేసి ఆ చిత్రాన్ని మళ్లీ తీరికగా చూడండి. గౌట్ అనే కీళ్లవాపు జబ్బుతో కాలికి కట్టు కట్టుకున్న స్క్వాండర్‌ఫీల్డ్ ప్రభువు, ఇంగ్లండ్‌ను జయించి రాజైన నార్మండీ విలియం నుంచి మొదలైన తన వంశవృక్షాన్ని వేలితో చూపిస్తున్నాడు. కిటికీ బయట ఆయన మొదలుపెట్టిన భవనం డబ్బు చాలక సగంలో ఆగిపోయి ఉంది. ఎదురుగా లండన్ వర్తకుడు కళ్లద్దాలు పెట్టుకుని ఒప్పందపత్రాన్ని పరిశీలిస్తున్నాడు. ఆయన తెచ్చిన నాణేలూ నోట్లూ బల్లమీద ఉన్నాయి, వాటితో విడిపించిన తనఖా కాగితం ప్రభువు చేతికి అందుతోంది. ఒకరికి అప్పులు తీరాలి, మరొకరి కూతురికి బిరుదు రావాలి. పెళ్లి చేసుకునే ఇద్దరూ మాత్రం ఒకరికొకరు వీపు తిప్పి ఒక మూల కూర్చున్నారు. వరుడు అద్దంలో తన ముఖం చూసుకుంటున్నాడు, వధువు దిగులుగా చేతిరుమాలును ఉంగరంలో దూర్చి ఆడిస్తోంది, లాయరు సిల్వర్‌టంగ్ ఆమె చెవిలో ఏదో చెబుతున్నాడు. వారి దగ్గర రెండు కుక్కలు ఒకే గొలుసుకు కట్టి ఉన్నాయి.

వరుడి మెడమీది నల్లని మచ్చను గమనించారా? అది సుఖవ్యాధికి గుర్తని చిత్రకళా విమర్శకులు చాలాకాలంగా చెబుతున్నారు. మూడో చిత్రంలో అతడు ఒక బాలికను వెంటబెట్టుకుని మాత్రల కోసం నకిలీ వైద్యుడి దగ్గరకు వెళ్తాడు. ఆరో చిత్రంలో, చనిపోతున్న తల్లికి ముద్దు పెట్టడానికి దాది ఎత్తి పట్టుకున్న పసిబిడ్డ చెంపమీద కూడా అలాంటి మచ్చ ఉంది, కాలికి ఆసరాగా బిగించిన లోహపు పట్టీ ఉంది. సంతకాలు చేసినవారు పెద్దలు, ఫలితం అనుభవించినది ఆ బిడ్డ. నాకు ఈ ఆరింటిలో అన్నిటికంటే కఠినంగా అనిపించేది ఈ బిడ్డ రూపమే. అదే చిత్రంలో, ప్రియుడిని ఉరితీశారన్న కాగితం నేలమీద పడి ఉండగా, ఆమె లాడనం అనే నల్లమందు ద్రావణం తాగి ప్రాణం వదులుతుంటే, తండ్రి ఆమె వేలినుంచి ఉంగరం లాగుతున్నాడు. అందువల్ల వ్యంగ్యం కులీనులమీద మాత్రమే అనుకోవడం సరికాదు. వర్తకుడు కూడా ఆ బల్ల దగ్గర సమాన భాగస్వామి.

మన ప్రాంతంవారికి ఇది పరాయి విషయం కానే కాదు. గురజాడ అప్పారావుగారు ‘కన్యాశుల్కం’ తొలి ముద్రణకు రాసిన ముందుమాటలో, విజయనగరం మహారాజు చేయించిన లెక్క ప్రకారం, అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1,034 శుల్క వివాహాలు నమోదయ్యాయని తెలిపారు. ఏడాది వయసు పిల్లలకు 350 నుంచి 400 రూపాయల వరకు ధర పలికిందని కూడా రాశారు. ఇక్కడ డబ్బు పిల్ల తండ్రికి చేరింది, లండన్‌లో పిల్ల తండ్రి చేతినుంచి వెళ్లింది. బేరం కుదిర్చినవారు రెండుచోట్లా పెద్దలే.

నిర్దిష్ట వ్యక్తులను అల్లరి పెట్టే ఉద్దేశం హోగార్త్‌కు లేదు. ఈ చిత్రాల ముద్రణలకు చందాలు కోరుతూ 1743 ఏప్రిల్‌లో ఇచ్చిన ప్రకటనలోనే, ఇందులోని పాత్రలు ఏ ఒక్కరినీ ఉద్దేశించినవి కావని హామీ ఇచ్చాడు.

ఇక మీ రెండో సందేహం. రాగిరేకుమీద చెక్కిన బొమ్మను కాగితంమీద అచ్చు వేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. బారన్, రావెనే, స్కోటాన్ అనే ఫ్రెంచి చెక్కుడు కళాకారులు తయారు చేసిన ఈ ముద్రణలు 1745లో వెలువడ్డాయి. తైలవర్ణ చిత్రాలు ఆరూ కలిపి 1751 వేలంలో 120 గినీలకే (గినీ ఆనాటి ఇంగ్లండ్ బంగారు నాణెం) అమ్ముడుపోయాయి, 1824లో లండన్ నేషనల్ గ్యాలరీకి చేరాయి. కానీ ఆనాటి ప్రజలు ఎక్కువగా చూసినది ముద్రణలనే కాబట్టి, ఎడమనుంచి కుడికి మొదట ప్రభువు వంశగర్వం, తర్వాత బల్లమీది డబ్బు, చివరికి మాట్లాడుకోని వధూవరులు కనిపించే ఆ వరుసనే హోగార్త్ కోరుకున్నాడని నా అభిప్రాయం.