ఇల్లంతా ఖాళీ చేస్తానంటున్న అమ్మలుకి

అమ్మలూ,

సెలవు పెట్టి, అక్కర్లేని సామానంతా తీసేసి ఇల్లంతా ఖాళీ చేసేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. ఆవిడ ఒకటే సంబరం. నాకూ సంతోషమే. చిన్నప్పట్నుంచీ నువ్వంతే, ఏదైనా అనుకుంటే అయ్యేదాకా కూర్చోవు. ఆ పట్టుదల చూస్తే గర్వంగా ఉంటుంది. కానీ మీ ఆయన ఊళ్ళో లేని రోజులు చూసుకుని మరీ సెలవు పెట్టావట కదా, అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

ఇంట్లో సామాను నాలుగు మూలలా పడి ఉంటే కొంపలేం మునిగిపోవు. కుర్చీ మీద మడత పెట్టని బట్టలు, బల్ల మీద పుస్తకాలు, కిటికీలో పిల్లవాడి రంగుపెన్సిళ్ళు ఉన్నాయంటే ఆ ఇంట్లో మనుషులు తిరుగుతున్నారని అర్థం. ఎవరో చుట్టాలు వచ్చి మొహం చిట్లించారని నువ్వు తలదించుకోనక్కర్లేదు. ఫ్రాన్సిస్ బేకన్ అనే చిత్రకారుడు లండన్‌లో తన స్టూడియో నిండా కాయితాలు, కుంచెలు, పాత ఫొటోలు గుట్టలుగా పడేసుకుని వాటి మధ్యే నిలబడి బొమ్మలు వేశాడు. ఆయన పోయాక 1998లో ఆ గది మొత్తాన్ని డబ్లిన్‌లోని ఒక గ్యాలరీకి తరలించారు. 7,000కి పైగా వస్తువులకి లెక్క రాసి, ఏది ఎక్కడుండేదో అక్కడే మళ్ళీ పెట్టారు, దుమ్ముతో సహా. అంతెందుకు, సర్దుకోవడం ఎలాగో దేశదేశాలకీ చెప్పిన మేరీ కోండో కూడా మూడో బిడ్డ పుట్టాక ఇల్లు అద్దంలా ఉంచడం కొంతవరకు వదిలేశానని 2023లో చెప్పింది. ముగ్గురు పిల్లల తల్లి ఆ మాట అన్నందుకు ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది.

అలాగని నువ్వు పడుతున్న టెన్షన్ ఉత్తిదని నేననను. లాస్ ఏంజిలస్‌లో ఉద్యోగాలు చేసుకునే దంపతుల మీద జరిగిన ఒక పరిశోధన 2010లో అచ్చయింది. ఇల్లు చిందరవందరగా ఉందని, పనులు సగంలో ఆగిపోయాయని చెప్పుకున్న ఆడవాళ్ళలో ఒత్తిడిలో ఒంట్లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ సాయంత్రానికి తగ్గాల్సినంత తగ్గలేదట. మగవాళ్ళలో అది అంతగా కనిపించలేదు. నాకైతే ఇందులో వింతేం లేదు. సామాను ఇద్దరి కళ్ళకీ కనిపిస్తుంది, తియ్యాల్సింది తనేనని అనుకునేవాళ్ళకే గుండె బరువెక్కుతుంది. నీకు సర్దే పని కంటే ముందు, ఆ పని పంచుకునే మనిషి కావాలి.

మిగతాది నీకు తెలిసిందే. ఒక సొరుగుతో మొదలుపెట్టు. తేదీ దాటిన మందులు తీసెయ్. కొత్త డబ్బాలు ముందే కొనేసుకోకు, డబ్బాలు కొంటే సామాను తగ్గదు, కంటికి కనపడకుండా పోతుందంతే. ఎవరికైనా ఇచ్చేద్దామని పక్కన పెట్టినవి ఆ వారంలోనే ఇంట్లోంచి కదలాలి.

ఒక్క విషయంలో మాత్రం నా మాట వినాల్సిందే. తలుపులన్నీ పూర్తిగా తెరుచుకోవాలి. మంచం నుంచి బాత్రూమ్ దాకా చీకట్లో నడిచినా కాలికి ఏదీ తగలకూడదు. మెట్ల మీద ఒక్క కట్ట కూడా ఉండకూడదు. పొయ్యి దగ్గర, స్విచ్‌బోర్డు దగ్గర కాయితాలు, బట్టలు పెట్టకూడదు. నిప్పు అంటుకుంటే వాటికి అంటుకోవడం ఒక ఎత్తు, బయటికి పరిగెత్తడానికి దారి లేకపోవడం ఇంకో ఎత్తు. న్యూయార్క్‌లో హోమర్, లాంగ్లీ కాలియర్ అనే అన్నదమ్ములు 1947లో తమ ఇంటి సామాను మధ్యే చనిపోయారు. తమ్ముడి మీద ఆ గుట్టలే కూలాయి. కళ్ళు కనపడని అన్నకి తిండి పెట్టే దిక్కు లేకపోయింది. ఆ ఇంట్లోంచి 100 టన్నులకి పైగా సామాను బయటికి తీశారు. నీ ఇల్లు అలా అవుతుందని కాదు తల్లీ. కానీ మొన్న వచ్చినప్పుడు మీ నడవాలో నేను పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది, అదే నా కళ్ళ ముందు తిరుగుతోంది.

ఇప్పుడు అసలు భయం చెప్తాను. మీ అమ్మమ్మకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు నువ్వు చంకలో బిడ్డవి. ఆవిడ ఆస్పత్రిలో ఉండగా మీ పెద్దమావయ్య ఆవిడ గది ఖాళీ చేయించాడు. ఆయన ఉద్దేశం మంచిదే. కర్ర పట్టుకుని నడవాల్సిన మనిషి, గదిలో చూస్తే పెట్టె మీద పెట్టె. ఎక్కడ తట్టుకుని పడుతుందోనని ఆయన బెంగ. మనుషుల్ని పెట్టి ఒక్క పూటలో అంతా తీయించేశాడు, గోడలకి కొత్త రంగు కూడా వేయించాడు. మంచం, బీరువా, కుర్చీ మిగిలాయి.

ఇంటికొచ్చాక ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి "బాగుంది నాయనా" అంది. మావయ్య పొంగిపోయాడు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, నేను పక్కన కూర్చుని ఉంటే, బీరువా కింది అర తెరవమంది. "అక్కడ రేకు డబ్బా ఉండాలే" అంది. లేదు. ఆ డబ్బా నాకు బాగా తెలుసు. మూత మీద రంగు పోయి, అంచులు తుప్పుపట్టి, తెరిస్తే కీచుమనేది. లోపల పాత చొక్కాల నుంచి కోసి తీసిన గుండీలు, ఏ రకానికి ఆ రకం దారానికి గుచ్చి ముడేసి ఉండేవి. వాటి కింద మీ తాతయ్య కళ్ళజోడు. ఒక కాడ విరిగితే ఆయనే నల్లదారం చుట్టుకుని చివరిదాకా పెట్టుకున్నది. తీసుకెళ్ళినవాళ్ళకి అదొక తుప్పు డబ్బా. వాళ్ళకి తెలిసే దారే లేదు. తెలిసిన మనిషిని ఎవరూ అడగలేదు.

ఆవిడ ఏడవలేదు. కొడుకుని ఒక్క మాట అనలేదు. కానీ దాచడం మొదలుపెట్టింది. దిండు గలీబుల్లో కాయితాలు, పరుపు కింద ఖాళీ సీసాలు, బీరువా తాళం ఎప్పుడూ చేతిలోనే. ఎవరైనా చీపురు పట్టుకుని వస్తే లేచి కూర్చునేది. ఏడాది తిరిగేసరికి గదిలో మునుపటికంటే ఎక్కువ చేరింది, ఈసారి ఎవరికీ కనపడని చోట. పడిపోతుందేమోనన్న భయం తీరకపోగా రెట్టింపైంది. మావయ్య గదిలోకి రాగానే మాట మార్చేసేది. తల్లీకొడుకుల మధ్య అంతకుముందు లేని మొహమాటం వచ్చి కూర్చుంది. ఇప్పటికీ ఆ కళ్ళజోడు ఊసెత్తితే మీ మావయ్య అక్కడ్నుంచి లేచి వెళ్ళిపోతాడు.

అందుకే చెప్తున్నాను, మీ ఆయన వైర్ల పెట్టెలు, పాత రేడియోలు ఆయన లేనప్పుడు ముట్టుకోకు. నీకు చెత్తలా కనపడుతున్నవాటిలో ఆయనకి ఏది ఏమిటో నీకు తెలియదు. నీ చీరలు నీకు చెప్పకుండా ఎవరైనా ఇచ్చేస్తే ఊరుకుంటావా? నీవి నువ్వు తగ్గించుకో, ఎవరూ అడ్డుపడరు. ఆయనవి ఆయన చేతే తీయించు. గంటసేపు పక్కన కూర్చుంటే ఒక పెట్టె అవుతుంది, రెండోది రేపు. నిదానమే, కానీ తీసినవి మళ్ళీ వెనక్కి రావు.

దేనికీ పనికిరానిది పారెయ్యడానికి కూడా మనిషి విలవిల్లాడిపోతుంటే, పడుకునే మంచం కూడా సామానుతో నిండిపోతుంటే, అప్పుడది వేరే సంగతి. దాన్ని 2013 నుంచి అమెరికా మానసిక వైద్యులు విడిగా ఒక జబ్బుగానే గుర్తిస్తున్నారు. దానికి కూడా మందు ఇల్లు ఊడ్చెయ్యడం కాదు, డాక్టర్ దగ్గర కూర్చుని మెల్లగా మాట్లాడుకోవడం. మీ ఆయనకి అదేం లేదు. మొన్న అడిగిన వెంటనే నాకు కుర్చీ ఖాళీ చేసిచ్చాడు, ఆ మనిషితో మాట్లాడితే పని జరుగుతుంది.

కాబట్టి సెలవు ఆయన వచ్చేదాకా వెనక్కి జరుపుకో. కుదరకపోతే ఈ లోపల నీ బీరువా, వంటిల్లు చూసుకో, చాలినంత పని ఉంటుంది. నడవాలో కట్టలు మాత్రం ఈ రాత్రే గోడవారకి జరుపు, పారెయ్యనక్కర్లేదు. బరువైనవి ఒక్కదానివే లాగకు, మీ అమ్మలాగే నీకూ నడుం పట్టేస్తుంది. ఆయనతో మాట్లాడాక ఏమన్నాడో నాకు ఫోన్ చేసి చెప్పు.

ప్రేమతో
పెద్దమ్మ