నత్త కూడా కుడుతుందా?

ప్రశ్న: సంక్రాంతి సెలవులకి అండమాన్ వెళ్లాం. నీల్ ద్వీపంలో మోకాల్లోతు నీళ్లలో మా ఎనిమిదేళ్ల బాబు ఒక గవ్వ తీశాడు. గోధుమరంగు మీద తెల్లటి త్రికోణాలు, అచ్చం అద్దకం చీరలా ఉంది. పడవ నడిపే శ్రీకాకుళం కుర్రాడు కేకలేసి పారేయించాడు. "కుట్టిందంటే పేణం పోతాది మేడమ్" అన్నాడు. నత్త కుట్టడమేమిటండీ? అలాంటిదే మా అత్తగారి షోకేసులోనూ ఉంది. దాన్నీ పారేయాలా?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: ఆ కుర్రాడికి రుణపడ్డారమ్మా. మీరు చెప్పిన త్రికోణాల్ని బట్టి అది టెక్స్‌టైల్ కోన్ అనే విషపు నత్త అయ్యుంటుంది.

ఎమ్మెస్సీ చదివే రోజుల్లో రామేశ్వరం దగ్గరి మండపం అనే ఊరి తీరానికి వెళ్లినప్పుడు నేనూ ఒక కోన్ నత్తని చొక్కా జేబులో వేసుకున్నాను. మా మాస్టారు ముందు తిట్టలేదు. జేబుని నా ఒంటికి తగలకుండా ముందుకి లాగి పట్టుకుని, చొక్కా విప్పించి, నత్తని బకెట్లో వేశాక అప్పుడు తిట్టారు. కాసేపటికి బకెట్లో దాని తొండం మెల్లగా బయటికొచ్చింది. దాని కొసనే ఉంటుంది అసలు సంగతి: సూదిలా బోలుగా ఉండే పన్ను, దానికో ముల్లు. అలాంటివి లోపల అమ్ములపొదిలో బాణాల్లా దాచుకుంటుంది. తొండం వెనక్కీ తిరుగుతుంది కాబట్టి లావు వైపు పట్టుకున్నా లాభం లేదు. గుడ్డలోంచీ దిగుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం జియోగ్రఫీ కోన్. దాని తిండి చేపలు. నత్త నడకతో చేపని తరమలేదు కదా, అందుకే అంత చురుకైన విషం. 1935లో ఆస్ట్రేలియాలోని హేమన్ ద్వీపంలో ఒకతను దాన్ని అరచేతిలో పెట్టుకుని చాకుతో గీకుతుంటే కుట్టింది. అదే రోజు పోయాడు. ఒక్కోసారి నొప్పి కూడా పెద్దగా ఉండదు. పెదాలు మొద్దుబారి, రెప్పలు వాలి, చివరికి ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. విరుగుడు మందు లేదు. కుట్టినచోట కోయకండి, నోటితో పీల్చకండి. కట్టు బిగువుగా కట్టి, కదలనీయకుండా ఆస్పత్రికి చేర్చండి. విషం దిగేదాకా వెంటిలేటరే దిక్కు.

కోన్ నత్తల్లోనే మరో రకం విషం ఆధారంగా తయారైన నొప్పి మందు జికోనోటైడ్‌కి 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. మామూలు మందులకి లొంగని నొప్పికి, వెన్నెముక ద్రవంలోకి ఎక్కిస్తారు.

షోకేసులోదానికి ఢోకా లేదు. విషం లోపలి జీవిది, అది ఏనాడో పోయింది. దుమ్ము తుడిచి అక్కడే పెట్టండి. అత్తగారితో గొడవెందుకు!