బొచ్చు రాలుతోందని బెంగెట్టుకోకు

అల్లుడూ,

నువ్వు పంపిన జర్మన్ షెపర్డ్ కుక్కపిల్ల ఫొటోలు చూశాను. గచ్చంతా బూరుగుకాయ పగలేసినట్టుంది. నిన్న రాత్రి మీ అమ్మ కూడా ఫోన్ చేసి, "అన్నయ్యా, కంచంలో అన్నమెంతో బొచ్చూ అంతే" అని ఒకటే గోల. నువ్వేమో గజ్జి పట్టిందని, మిషన్ పెట్టించి గుండు కొట్టించేస్తానని అంటున్నావు. ఆగరా బాబూ.

ముందు దాన్ని పక్కన పడుకోబెట్టుకుని, బొచ్చుని వేళ్లతో పాయ తీసి కింద చర్మం చూడు. తెల్లగానో బూడిదరంగుగానో శుభ్రంగా ఉందా? ఎరుపు, పొక్కులు, కంపు లేవా? అయితే అది జబ్బు కాదు, ఈడు. దానికి అయిదో నెల కదా. పాలపళ్లు ఊడుతుంటాయి, ఒక చెవి నిలబడి రెండోది వాలిపోతుంటుంది, ఈ బొచ్చు మార్పిడీ ఆ రోజుల్లోనే. పుట్టినప్పటి దూదిలాంటి బొచ్చు పోయి గట్టి వెంట్రుక వస్తుంది. వెన్ను మీద మెడ నుంచి తోక దాకా ముదురు చార ఒకటి కనబడుతుందేమో చూడు, చాలా పిల్లల్లో కొత్త బొచ్చు మొదట అక్కడే తేలుతుంది. రంగు కూడా మారుతుంది. అమ్మినవాడు మోసం చేశాడని వాడి మీదకి వెళ్లకు.

ఇది 1899లో జర్మనీలో ఒక జాతిగా నమోదైన గొర్రెల కాపరి కుక్క. చలికి తట్టుకోడానికి రెండు పొరల బొచ్చు: పైన బిరుసు వెంట్రుక, లోపల మెత్తటి ఉన్ని. పెద్దయ్యాక ఏడాదికి రెండుసార్లు ఆ ఉన్ని కుప్పలుగా దిగుతుంది. చలికాలం పేరుకే ఉండే మన ఊళ్లలో మిగతా నెలల్లో కూడా ఎంతో కొంత రాలుతూనే ఉంటుంది. ఈ జాతిని పెంచుతూ బొచ్చు రాలకూడదంటే కుదరదు.

గుండు సంగతి నాకు బాగా తెలుసు. నా మొదటి కుక్కకి మే నెల ఉక్కపోత చూడలేక ఒకచోట నున్నగా గొరిగించాను. పుణ్యం అనుకున్నాను. వారం తిరక్కుండా వీపు ఎండకి ఎర్రగా కమిలిపోయింది. మళ్లీ వచ్చిన బొచ్చు కూడా ఒకచోట ఉన్నిలా, ఒకచోట బోడిగా, చిమ్మెటలు కొట్టిన కంబళిలా వచ్చింది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి ఒగర్చే చల్లబడుతుంది. ఒంటి మీది బొచ్చు ఎండకి గొడుగు. అది తీసేసి చల్లగా ఉంటుందనుకోవడం నా తెలివితక్కువతనం.

గొరగొద్దు, దువ్వు. పొడుగు పళ్ల దువ్వెన (రేక్ అంటారు) ఒకటి, సన్న తీగల బ్రష్ ఒకటి కొను. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో బొచ్చు పైకెత్తి పట్టుకుని, కుడిచేత్తో కింది వరస నుంచి కొంచెం కొంచెంగా, వెంట్రుక వాలున దువ్వు. పైపైన దువ్వితే ఉన్ని అక్కడే ఉంటుంది. తొడల వెనక, చెవుల వెనక ఉండలు కడతాయి, అక్కడ లాగావంటే మర్నాటి నుంచి బ్రష్ చూస్తేనే మంచం కిందకి దూరుతుంది. వారానికి మూడుసార్లు, పదేసి నిమిషాలు చాలు. కుప్పలుగా రాలే రోజుల్లో రోజూ.

స్నానం నెలకోసారి చాలు, కుక్కల షాంపూతోనే. అసలు పని ఆరబెట్టడం. మీ వైపు సముద్రపు తేమకి పైన ఆరినట్టుంటుంది, లోపలి ఉన్ని తడిగానే ఉంటుంది. చర్మం పాచిపోయేది అక్కడే. తువ్వాలుతో అద్ది, ఫ్యాన్ కింద కూర్చోబెట్టి, వేలు లోపలికి పెట్టి చూడు.

తిండి: ఉత్త పెరుగన్నంతో మంచి బొచ్చు రాదు. కుక్కపిల్లల మేతకి తోడు ఉడికించిన గుడ్డు, వారానికి రెండుసార్లు కవళ్లో కానాగంతలో, ఏదో ఒక చేప ఉప్పూకారం లేకుండా ఉడికించి, ముళ్లు తీసి పెట్టు. ఫలితం కనబడ్డానికి రెండు నెలలు పడుతుంది. ఎండుచేపలు వద్దు, అంతా ఉప్పే. ఉల్లి, వెల్లుల్లి వేసిన పులుసు అసలొద్దు. బలానికని కాల్షియం మందు నీ అంతట నువ్వు పోయకు, ఎదిగే పెద్దజాతి పిల్లకి ఎక్కువైతే ఎముకలకే చేటు.

కళ్ల చుట్టూ, మూతి దగ్గర, ముందుకాళ్ల మీద బోడి మచ్చలు పడినా, గుండ్రటి తామరలాంటిది కనబడినా, నిద్రలో లేచి గోక్కుంటున్నా ఆ రోజే పశువుల డాక్టరుకి చూపించు. తామర మీ అందరికీ అంటుకుంటుంది. దువ్వెనలో నల్లటి నలుసులు పడితే తడి కాగితం మీద వేసి నలిపి చూడు, ఎర్రగా దిగితే గెంతే ఈగపురుగులు (ఫ్లీలు) ఉన్నట్టే. గోమార్లయితే (పిడుదులు) వేళ్లకే తగులుతాయి, వాటి జ్వరం ప్రాణం మీదకి తెస్తుంది, అశ్రద్ధ చెయ్యకు.

పైడితల్లమ్మ సిరిమాను జాతరకి విజయనగరం ఎలాగూ వస్తారు కదా, మీ అమ్మ కోసం నా పాత రేక్ తీసి ఉంచుతాను. కుక్కపిల్లని కూడా తీసుకురా, ఆ వెన్ను మీది చార ఎంతవరకూ వచ్చిందో చూద్దాం.

మీ మావయ్య