మంట తగ్గిందని ఊరుకోవద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 28 ఏండ్లు, హన్మకొండల ఉంట, ఫైనాన్స్ కలెక్షన్ పని, పొద్దంత బండి మీదనే తిరుగుడు. 12 రోజుల కింద దోస్తులతోని హైదరాబాద్ పోయినప్పుడు ఒకామెతో కలిసిన, కండోమ్ వాడలే. నాలుగు రోజుల సంది ఒంటికి పోతుంటే మంట, పొద్దున లేస్తే డ్రాయర్ మీద జిగటగ చిన్న మరక. ఎండకు వేడి చేసిందేమో అని బార్లీ నీళ్లు, సల్ల తాగిన. మెడికల్ షాపుల సిప్రో గోలీలు ఇచ్చిండు, మూడు వేసుకుంటే కొంచెం తగ్గింది. నా భార్యకు ఎనిమిదో నెల, జగిత్యాలల తల్లిగారింట్ల ఉన్నది, ఆరు రోజుల కింద పోయి ఆమెతో ఉండి వచ్చిన, అప్పటికి మంట లేదు. హెచ్ఐవీ వచ్చిందేమో అని నిద్ర పడతలేదు. ఎంజీఎంకు పోదామంటే తెలిసినోళ్లు ఎదురైతరని భయం.

జవాబు: తమ్ముడూ, ఏదీ దాచకుండ రాసినవు, అదే మంచిదైంది. మన దగ్గర ఎండలకు నీళ్లు తక్కువ తాగితే ఒంటికి పచ్చగ వచ్చి మంట పుడుతది, నిజమే. కానీ వేడికి డ్రాయర్ మీద మరక పడదు. కండోమ్ లేకుండ కలిసినాక ఎనిమిది రోజులకు మంట, జిగట అంటే ముందు చూడాల్సింది గనేరియా, క్లమీడియా అనే సుఖరోగాలు. రెండూ మందులతోని పూర్తిగా నయమైతయి, భయపడకు. అయితే గనేరియాకు ఇప్పుడు సిప్రో చాలామట్టుకు పనిచేస్తలేదు, మంట తగ్గినా క్రిమి లోపలే ఉండొచ్చు, అందుకే ఆ గోలీలు ఆపి ఖాళీ స్ట్రిప్ జేబుల పెట్టుకొని డాక్టర్ దగ్గరికి పో. ఇంకొకటి, చీము వస్తుందా అని గంటగంటకు ఒత్తి చూసుకునేటోళ్లు చాలామంది ఉంటరు, అట్ల ఒత్తితే నాళం ఒరుసుకపోయి ఇంకింత మంట పెడుతది, నువ్వు చేస్తుంటే మానెయ్.

గనేరియా, క్లమీడియా ఉన్నయా అని మూత్రంతోని టెస్ట్ చేస్తరు. ఈ టెస్టుకు కనీసం గంట, కుదిరితే రెండు గంటలు ఒంటికి పోకుండ ఉండి మొట్టమొదట వచ్చే మూత్రం ఇయ్యాలె. మూత్రంల క్రిమిని పెంచి చూసే కల్చర్ టెస్టుకేమో మధ్యల వచ్చేది కావాలె, అందుకే రెండూ రాస్తే రెండు డబ్బాలు అడుగు.

హెచ్ఐవీ సంగతి. ఒక్కసారికే అంటుకునే అవకాశం తక్కువే, కానీ ముందుజాగ్రత్త మందులు 72 గంటల లోపలే మొదలుపెట్టాలె, ఆ టైం దాటిపోయింది. ఇయ్యాల టెస్ట్ చేసి నెగెటివ్ వచ్చినా అది ఆఖరి మాట కాదు, ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలకు మళ్లీ చేయించుకో, సిఫిలిస్‌కు వీడీఆర్ఎల్ అనే రక్త పరీక్ష కూడా అట్లనే. ఎంజీఎంల ఐసీటీసీ, అంటే హెచ్ఐవీ సలహా, టెస్టుల సెంటర్ ఉన్నది, టెస్ట్ ఫ్రీ, 2017ల వచ్చిన హెచ్ఐవీ చట్టం ప్రకారం నువ్వు ఒప్పుకోకుండ టెస్ట్ చేయొద్దు, రిజల్ట్ బయటపెట్టొద్దు. అక్కడికి పోలేనంటే వేరే జిల్లా సర్కారు దవాఖానకు పో, లేదంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చెయ్, పైసలు పడవు.

నాకు అన్నిటికంటె బెంగ మీ ఆమె గురించే. మంట లేనప్పుడు కలిసినమని ధైర్యపడకు, క్రిమి ముందే ఉంటది. ఆడవాళ్లల్ల చాలామందికి ఏ లక్షణం కనపడదు, కాన్పు టైంల బిడ్డ కండ్లకు చీము పట్టొచ్చు, ఊపిరితిత్తులకు పాకొచ్చు. సిఫిలిస్, హెచ్ఐవీ కూడా తల్లి నుంచి బిడ్డకు పోతయి కానీ ముందే తెలిస్తే మందులతోని ఆపొచ్చు. ఇంకా నెలకు పైనే టైం ఉన్నది, చాలు. నీకు రాసిన గోలీలు మాత్రం ఆమెకు ఇయ్యకు, డాక్సీ లాంటివి గర్భిణులకు పనికిరావు, వాళ్లకు వేరే మందులున్నయి, కాన్పు డాక్టరే రాస్తది. ఇద్దరి కోర్సులు అయిపోయి ఏడు రోజులు దాటేదాక కలవకండి. హెచ్ఐవీ టెస్టులన్నీ అయ్యేదాక కండోమ్ తప్పనిసరి.

ఎట్ల చెప్పాలె అంటవా, అబద్ధం అల్లకు, 'తప్పు చేసిన, నీకూ బిడ్డకూ ఏం కావద్దు, ఇద్దరం చూపించుకుందాం' అను. నోరు రాకపోతే ఐసీటీసీ కౌన్సిలర్‌ను అడుగు, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడుతరు. చలిజ్వరం వచ్చినా, వృషణం వాచినా, ఒంటికి రాకపోయినా అదే రాత్రి దవాఖానకు పో. లేకుంటే రేపు పొద్దున లేచి ఒంటికి పోకుండనే బయలుదేరు.